ఎయిర్ ఫిల్టర్ పెట్టె మీద లేని మూడు అంకెలు

తిరుపతి జిల్లా శ్రీసిటీలోని ఇసుజు కర్మాగారం 2016లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడ తయారయ్యే డి-మ్యాక్స్ వి-క్రాస్ పికప్‌లు రెండు వేల కిలోమీటర్ల దూరంలోని గురుగ్రామ్ రోడ్ల మీదా తిరుగుతున్నాయి. 2022లో టొయోటా హైలక్స్ కూడా మన దేశానికి వచ్చింది. సరుకు మోసే పికప్‌లు ఎప్పటి నుంచో ఉన్నవే. సొంత వాడకానికి, వారాంతంలో ఆరావళి గుట్టల దారి పట్టడానికి పికప్ కొనేవారు మాత్రం ఈ పదేళ్లలోనే పెరిగారు. ఇలా కొన్న బండికి యజమానులు తరచూ ముందుగా చేయించే మార్పుల్లో ఎయిర్ ఇన్‌టేక్ ఒకటి. ఖర్చు తక్కువ, బిగించడం తేలిక. ఢిల్లీలోని కశ్మీరీ గేట్, కరోల్ బాగ్ మార్కెట్లకు వెళ్తే రకరకాల ధరల్లో దొరుకుతుంది.

అమ్మేవాళ్లు చెప్పే మాట దాదాపు ఒకటే: ‘గాలి ఎక్కువ వెళ్తుంది, పవర్ పెరుగుతుంది, మైలేజీ కూడా వస్తుంది.’ కొనేవాళ్లు అడిగే ప్రశ్న కూడా ఒకటే: ‘ఎంత?’ ఈ రెండింటి మధ్య అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటి మిగిలిపోతోంది. ఆ ఫిల్టర్ ఎంత ధూళిని ఆపుతుంది? గురుగ్రామ్ లాంటి ఊళ్లో ఇంజిన్ ఆయుష్షును నిర్ణయించేది ఈ ప్రశ్నే. దీనికి జవాబు పెట్టె మీద అచ్చువేయించే బాధ్యతను కొనుగోలుదారు మీద కాక తయారీదారు మీద, నియమాలు రాసేవారి మీద పెట్టాలి.

గంటకు పన్నెండు రోజుల ఊపిరి

ముందు ఇంజిన్ పీల్చే గాలి ఎంతో చూద్దాం. వి-క్రాస్‌లో ఇప్పుడున్నది 1,898 సీసీ డీజిల్ ఇంజిన్. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే, టర్బో తోసే అదనపు గాలిని వదిలేసినా, నిమిషానికి సుమారు 1,900 లీటర్లు కావాలి. గంటకు అది 114 ఘనపు మీటర్లు. టర్బో కొంత పని చేస్తుందనుకుని సగటున 150 ఘనపు మీటర్లు అని లెక్క వేయవచ్చు. విశ్రాంతిగా కూర్చున్న మనిషి గంటకు పీల్చేది అర ఘనపు మీటరు. అంటే ఇంజిన్ ఒక్క గంటలో పీల్చే గాలి మనిషికి దాదాపు పన్నెండు రోజులకు సరిపోతుంది.

ఇక ఆ గాలిలో ఏముంది? పీఎం 10 ధూళి విషయంలో మన జాతీయ ప్రమాణం ఇరవై నాలుగు గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. గురుగ్రామ్ ఈ గీతను ఏడాదిలో చాలా రోజులు దాటుతుంది. వేసవిలో రాజస్థాన్ వైపు నుంచి వీచే గాలి ఇసుకను మోసుకొస్తుంది. కొత్త సెక్టార్లలో ఏళ్ల తరబడి నిర్మాణాలు సాగుతూనే ఉన్నాయి. చలికాలంలో పొగమంచుతో పాటు పొగ కమ్ముకుంటుంది. 2018 లెక్కల ఆధారంగా ఐక్యూఎయిర్ సంస్థ వేసిన ప్రపంచ పట్టికలో పీఎం 2.5 విషయంలో మొదటి స్థానం గురుగ్రామ్‌దే. ఆ ఏడాది సగటు ఘనపు మీటరుకు 135.8 మైక్రోగ్రాములు.

అయితే ఇంజిన్‌కు వచ్చే ముప్పు, ఊపిరితిత్తులకు వచ్చే ముప్పు ఒకటి కావు. మనిషికి ఎక్కువ హాని చేసేది పీఎం 2.5 లాంటి సూక్ష్మ కణాలు. ఇంజిన్‌ను ఎక్కువగా అరగదీసేది అంతకంటే పెద్దవి, సుమారు 5 నుంచి 20 మైక్రాన్ల మధ్య ఉండే రేణువులు. పిస్టన్ రింగుకు, సిలిండర్ గోడకు మధ్య ఉండే నూనె పొర మందం కొన్ని మైక్రాన్లే. ఆ పొరలో ఇమిడిపోయేంత చిన్న రేణువు నూనెతో పాటు జారిపోతుంది. పొర మందానికి దగ్గరగానో, దానికి కాస్త పెద్దగానో ఉన్న రేణువు రెండు లోహాల మధ్య ఇరుక్కుని గీరుతుంది. ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7. సిలిండర్ గోడలోని పోత ఇనుము అంతకంటే మెత్తన. ఫలితం గరుకు కాగితంతో రుద్దినట్టే ఉంటుంది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో చక్రం రెక్కల అంచులను కూడా ఇదే ధూళి కొరుకుతుంది.

రెండున్నర శాతం తేడా ఎంత పెద్దది

నగర రోడ్డు మీద గాలిలో ఘనపు మీటరుకు 200 మైక్రోగ్రాముల ధూళి ఉందనుకుందాం. గంటకు 150 ఘనపు మీటర్ల గాలి పీల్చే ఇంజిన్ ముందుకు వచ్చేది 30 మిల్లీగ్రాములే. అది పెద్ద విషయం కాదు. సోహ్నా దాటాక మట్టి దారిలో, ఇసుక లారీ వెనక వెళ్తున్నప్పుడు పరిస్థితి మారిపోతుంది. అక్కడ ధూళి వంద రెట్లు, అంటే ఘనపు మీటరుకు 20 మిల్లీగ్రాములు ఉందని లెక్క కోసం అనుకుంటే, ఫిల్టర్ ముందుకు గంటకు 3 గ్రాములు వస్తాయి.

ఇప్పుడు రెండు ఫిల్టర్లను పోల్చండి. ఒకటి 99.5 శాతం ధూళిని ఆపుతుంది, రెండోది 97 శాతం ఆపుతుంది. కాగితం మీద చూస్తే రెండూ మంచివే అనిపిస్తాయి. తేడా రెండున్నర శాతమే కదా! అయితే ఇంజిన్‌కు లెక్క ఆపిన ధూళితో కాదు, వదిలిన ధూళితో. మొదటిది గంటకు 15 మిల్లీగ్రాములు లోపలికి వదులుతుంది, రెండోది 90. అంటే ఆరు రెట్లు. ఏడాదిలో అలాంటి దారిలో వంద గంటలు తిరిగితే మొదటి ఫిల్టర్ వెనక ఇంజిన్ మింగేది ఒకటిన్నర గ్రాము, రెండో దాని వెనక 9 గ్రాములు. అంటే ఓ టీ చెంచాకు పైనే మెత్తటి ఇసుకను పిస్టన్ల మధ్య పోసినట్టు. ఈ అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవే అయినా, వాటి మధ్య నిష్పత్తి ఎంత ధూళి తీసుకున్నా మారదు.

ధూళికి ఎంత శక్తి ఉందో సైన్యాలకూ తెలిసొచ్చింది. 2001లో ఒమన్ ఎడారిలో జరిగిన సైఫ్ సరీయా విన్యాసాల్లో బ్రిటన్ ఛాలెంజర్ యుద్ధ ట్యాంకుల ఎయిర్ ఫిల్టర్లు కొన్ని నాలుగు గంటల్లోనే పూడుకుపోయాయి. కోట్ల విలువైన యంత్రం ఒక ఫిల్టర్ దగ్గర ఆగిపోయింది. అక్కడ ఫిల్టర్ పూడుకుపోవడం ఇంజిన్‌కు ఒక రకంగా రక్షణే. పూడుకోకుండా ధూళిని లోపలికి పంపే ఫిల్టర్ ఇంజిన్‌ను చప్పుడు చేయకుండా తినేస్తుంది.

‘ఎక్కువ గాలి’ వాదనలో పస ఎంత

ఆఫ్టర్‌మార్కెట్ ఇన్‌టేక్ వల్ల పవర్ పెరుగుతుందన్న మాట పూర్తిగా కట్టుకథ కాదు. పాత కార్బ్యురేటర్ పెట్రోల్ ఇంజిన్లలో, పెద్ద టర్బో వేసి ట్యూన్ చేసిన పోటీ బండ్లలో గాలికి అడ్డు తగ్గితే లాభం ఉంటుంది. మార్పులు చేయని టర్బో డీజిల్ పికప్‌కు అదే సూత్రం పెద్దగా వర్తించదు.

మొదటి కారణం, డీజిల్ ఇంజిన్ శక్తిని నిర్ణయించేది ప్రధానంగా ఇంధనం. ఎంత డీజిల్ చిమ్మాలో కంప్యూటర్ లెక్క కడుతుంది. గాలి ఎలాగూ అవసరానికి మించే ఉంటుంది. డీజిల్ పెంచకుండా గాలి మాత్రమే పెంచడం అంటే, కూలీలను పెంచకుండా పారలు పెంచడం లాంటిది.

రెండో కారణం, అసలు తగ్గించడానికి ఉన్న అడ్డే తక్కువ. శుభ్రమైన కాగితపు ఫిల్టర్ దగ్గర పీడనం తగ్గేది మామూలుగా ఒకటి రెండు కిలోపాస్కళ్లు. వాతావరణ పీడనం దాదాపు వంద. ఆ అడ్డును మొత్తంగా మాయం చేసినా మిగిలేది ఒకటి రెండు శాతమే. అందులోనూ చాలా భాగాన్ని టర్బో తానే సరిదిద్దుకుంటుంది.

మూడోది వేడి. బయటి మార్కెట్లో చవగ్గా దొరికే ఇన్‌టేక్‌లలో చాలా వాటికి డబ్బా ఉండదు. శంకువు ఆకారపు ఫిల్టర్ బానెట్ కింద బహిరంగంగా ఉండి ఇంజిన్ పక్కనున్న వేడి గాలినే పీలుస్తుంది. బయట 45 డిగ్రీలున్న మే నెల మధ్యాహ్నం బానెట్ లోపల 65 డిగ్రీలుంటే ఆ గాలి సాంద్రత ఆరు శాతం తక్కువ. ఇంటర్‌కూలర్ కొంత వేడిని తీసేస్తుంది కానీ, దాని మీద భారం పెరుగుతుంది. కంపెనీ ఇచ్చిన డబ్బా మాత్రం గొట్టం ద్వారా బయటి గాలినే తీసుకుంటుంది. ‘కోల్డ్ ఎయిర్’ అని అమ్ముడయ్యే వస్తువు చేయాల్సిన పనిని ఆ నల్లటి ప్లాస్టిక్ డబ్బా మొదటి రోజు నుంచీ చేస్తూనే ఉంది.

మైలేజీ సంగతీ అంతే. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ప్రచురించిన అధ్యయనంలో, కంప్యూటర్ నియంత్రణ ఉన్న పెట్రోల్ కార్లలో ఫిల్టర్ బాగా పూడుకుపోయినా మైలేజీ చెప్పుకోదగ్గంతగా పడిపోలేదు. బండి వేగం అందుకోవడం మాత్రమే మందగించింది. పూడుకున్న ఫిల్టర్‌తోనే మైలేజీ తగ్గనప్పుడు, శుభ్రమైన ఫిల్టర్ తీసి మరింత ‘తెరిచిన’ ఫిల్టర్ పెడితే ఎక్కడి నుంచి పెరుగుతుంది?

మరి బిగించిన వెంటనే బండి హుషారెక్కినట్టు అనిపించడం ఎందుకు? చాలా వరకు శబ్దం వల్ల. కంపెనీ డబ్బా ధూళిని ఆపడంతో పాటు గాలి మోతనూ మింగేలా తయారవుతుంది. దాన్ని తీసేస్తే టర్బో ఈల, గాలి పీల్పు క్యాబిన్‌లోకి వినిపిస్తాయి. చెవికి వినిపించిన దాన్ని మనసు వేగంగా లెక్కేసుకుంటుంది.

సెన్సర్ తప్పు చదివితే

ఫిల్టర్‌కు వెనకాలే గాలి ద్రవ్యరాశిని కొలిచే సెన్సర్ ఉంటుంది. సన్నటి వేడి పొర మీదుగా గాలి వెళ్తూ దాన్ని చల్లబరుస్తుంది. దాన్ని మళ్లీ వేడిగా ఉంచడానికి ఎంత విద్యుత్తు పట్టిందో చూసి కంప్యూటర్ గాలి ఎంతో తెలుసుకుంటుంది. ఈ లెక్క ఆ గొట్టం వ్యాసానికి, ఆ ప్రవాహానికి సరిపడేలా కర్మాగారంలో సరిచేసి ఉంటుంది. వెడల్పైన గొట్టం వేస్తే అదే గాలి నెమ్మదిగా వెళ్తుంది, సెన్సర్ తక్కువ చదువుతుంది. నూనె పట్టించే గుడ్డ ఫిల్టర్‌కు నూనె ఎక్కువైతే ఆ తుంపర సెన్సర్ మీద చేరి మళ్లీ లెక్క తప్పుతుంది.

గాలి తక్కువగా వస్తోందని నమ్మిన కంప్యూటర్ పొగ రాకుండా డీజిల్ తగ్గిస్తుంది. అంటే పవర్ కోసం కొన్న వస్తువే పవర్ తగ్గించవచ్చు. పొగ గొట్టం నుంచి కొంత వాయువును తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వ్యవస్థ కూడా ఇదే సెన్సర్ మాట వింటుంది. అది తగ్గితే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల కోసం ఇన్ని సెన్సర్లు, ఇన్ని వడపోతలు పెట్టుకుని, ముందు తలుపు దగ్గరే లెక్క తప్పించడం తెలివైన పని కాదు. ధూళికి రింగులు అరిగిన ఇంజిన్ నూనెను కాలుస్తుంది. అలా నగరం ఇంజిన్‌కు ఇచ్చిన ధూళిని ఇంజిన్ పొగగా మార్చి నగరానికే తిరిగి ఇస్తుంది. ఇది ఒక్క యజమాని జేబుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు.

గురుగ్రామ్‌లో నీటి ముప్పు కూడా ఉంది. 2016 జులై 28 వానకు హీరో హోండా చౌక్ దగ్గర వాహనాలు గంటల తరబడి నీళ్లలో నిలిచిపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. చల్లటి గాలి కోసమని పీల్చే మూతిని బంపర్ వెనక కిందికి దించే ఇన్‌టేక్‌లు ఇలాంటి చోట ప్రమాదం. గాలిలా నీరు కుదించుకుపోదు. సిలిండర్‌లోకి గ్లాసుడు నీళ్లు చేరినా పైకొస్తున్న పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ట్రాక్టర్ నేర్పే పాఠం

తక్కువ ఖర్చులో మంచి పరిష్కారం ఎలా ఉంటుందో చూడాలంటే గురుగ్రామ్ దాటి హరియాణా పొలాలకు వెళ్లినా చాలు, తెలుగు పల్లెల్లో చూసినా చాలు. ట్రాక్టర్ బానెట్ పక్కన నిలువుగా ఒక గొట్టం, చాలా వాటికి దాని తలమీద ఒక గిన్నె ఉంటాయి. అది ప్రీ-క్లీనర్. లోపల గాలి సుడి తిరుగుతుంది. బరువైన రేణువులు అంచుకు విసిరివేయబడి గిన్నెలో పడతాయి, తేలికైన గాలి మధ్యలోంచి లోపలికి పోతుంది. చేటతో తూర్పారబట్టినప్పుడు గింజ ఒకవైపు, పొట్టు ఒకవైపు పడినట్టే. పెద్ద ధూళి ముందే పోవడంతో అసలు ఫిల్టర్ ఎక్కువ కాలం పనిచేస్తుంది. గాలిని పైనుంచి తీసుకోవడం వల్ల నేలమీది ధూళీ నీళ్లూ తక్కువగా వస్తాయి. మట్టిలోనే బతికే యంత్రాన్ని తయారుచేసినవారు ‘ఎక్కువ గాలి’ గురించి కాకుండా శుభ్రమైన గాలి గురించి ఆలోచించారు.

దీన్ని బట్టి చవగ్గా మంచి ఇన్‌టేక్ కావాలనుకునే పికప్ యజమానికి వరస ఇలా ఉంటుంది. కంపెనీ డబ్బా అలాగే ఉంచాలి. అందులో సరిగ్గా ఇమిడే నాణ్యమైన కాగితపు ఫిల్టర్ వేయాలి. అది కంపెనీదైనా, కంపెనీలకే సరఫరా చేసే తయారీదారుదైనా ఫర్వాలేదు. అంచు రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. అక్కడ వెంట్రుకంత సందున్నా ఎంత గొప్ప ఫిల్టరైనా వృథా. మట్టి దారుల్లో ఎక్కువగా తిరిగేవారు ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే పైకి లేచిన గొట్టం, ప్రీ-క్లీనర్ మేలు. తిరిగి కడిగి వాడుకునే గుడ్డ ఫిల్టర్ వల్ల చెత్త తగ్గుతుందన్న వాదన న్యాయమైనదే. అయితే కడగడంలో, నూనె పట్టించడంలో పొరపాటు జరిగితే ఒక్క ఇంజిన్ రిపేరు కొన్నేళ్ల కాగితపు ఫిల్టర్ల ఖర్చును మించిపోతుంది.

మరో అలవాటూ మారాలి. సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ ఫిల్టర్ తీసి కంప్రెసర్ గాలితో ఊదడం మన వర్క్‌షాపుల్లో మామూలు. నిజానికి కొత్త ఫిల్టర్ కంటే కాస్త దుమ్ము పట్టిన ఫిల్టరే బాగా వడగడుతుంది. పేరుకున్న దుమ్ము పొరే అదనపు జల్లెడగా పనిచేస్తుంది. బలమైన గాలి ఆ పొరను చెదరగొట్టడమే కాక కాగితంలో కంటికి కనిపించని చిల్లులు చేయవచ్చు. ఎప్పుడు మార్చాలో చెప్పడానికి గాలి అడ్డును చూపే చిన్న ఇండికేటర్ ఒకటి చాలు. అనుమానం ఉంటే ఇంజిన్ ఆయిల్‌ను పరీక్ష చేయించి సిలికాన్ ఎంతుందో చూడవచ్చు. అది ఒక్కసారిగా పెరిగితే ధూళి లోపలికి పోతోందని గట్టి అనుమానమే.

పెట్టె మీద ఏముండాలి

ఇంత చెప్పినా దుకాణం ముందు నిలబడిన మనిషికి ఒక ఇబ్బంది తప్పదు. రెండు ఫిల్టర్లను పక్కపక్కన పెట్టి ఏది మేలో తేల్చడానికి ఆధారం దొరకదు. ‘హై ఫ్లో’, ‘పర్ఫార్మెన్స్’ అన్న మాటలుంటాయి, అంకెలుండవు. అంకెలు తేల్చే పరీక్ష లేకనా అంటే, అదీ కాదు. ఐఎస్ఓ 5011 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. నిర్ణీత పరిమాణంలో రేణువులున్న పరీక్ష ధూళిని ఫిల్టర్ మీదికి పంపి మూడు విషయాలు కొలుస్తారు: ఎంత శాతం ధూళి ఆగింది, నిండేలోగా ఎన్ని గ్రాములు పట్టింది, ఎంత గాలి వెళ్తే పీడనం ఎంత తగ్గింది. వాహన కంపెనీలు తమ ఫిల్టర్లను ఎంచుకునేది ఇలాంటి అంకెలు చూసే. అదే సమాచారం మామూలు కొనుగోలుదారుకు ఎందుకు అందకూడదు?

మన దేశానికి ఇది కొత్తేమీ కాదు. 2006లో మొదలైన బీఈఈ స్టార్ లేబుల్ వచ్చాక ఫ్రిజ్, ఏసీ కొనేవారు నక్షత్రాలు లెక్కపెట్టడం నేర్చుకున్నారు. ద్విచక్ర వాహన హెల్మెట్లకు 2021 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మీద మూడు అంకెలు వేయించడం వీటికంటే పెద్ద పనేమీ కాదు. వాహనాలనూ విడిభాగాలనూ పరీక్షించే అంతర్జాతీయ ఆటోమోటివ్ టెక్నాలజీ కేంద్రం, ఐక్యాట్, గురుగ్రామ్ జిల్లా మానేసర్‌లోనే ఉంది. దేశంలోని ధూళి నిండిన రోడ్లకు కూతవేటు దూరంలో పరీక్షా కేంద్రం ఉన్నప్పుడు, బయటి మార్కెట్ ఫిల్టర్లకు ఒక ప్రమాణాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

దీనివల్ల ఫిల్టర్ల ధర పెరుగుతుందని, చిన్న తయారీదారులు నష్టపోతారని అభ్యంతరం రావచ్చు. పరీక్ష ప్రతి ఫిల్టర్‌కూ అక్కర్లేదు, ప్రతి నమూనాకూ ఒకసారి చాలు. వేల ఫిల్టర్ల మీద పంచితే ఆ ఖర్చు స్వల్పం. పైగా నిజాయతీగా మంచి ఫిల్టర్ తయారుచేసే చిన్న సంస్థకు పెద్ద బ్రాండ్‌తో పోటీపడటానికి అంకెను మించిన ప్రచారం లేదు. ఇప్పుడు వారి సరుకు, పల్చటి కాగితం మడిచి అమ్మేవారి సరుకు ఒకే అరలో ఒకేలా కనిపిస్తున్నాయి.

చట్టం ఈ విషయంలో సగం దూరమే వచ్చింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపాన్ని యజమాని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సంగతిని మళ్లీ స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడేలా చేసింది. అరిగిన ఫిల్టర్ స్థానంలో అలాంటిదే మరొకటి వేయడం మామూలు నిర్వహణ. ఉద్గారాల పరీక్షలో వాహనంతో పాటు ఆమోదం పొందిన డబ్బానే పీకేసి వేరే ఇన్‌టేక్ బిగించడం వేరు. ఆ గీత ఎక్కడుందో సామాన్యుడికి తెలిసే దారి మాత్రం లేదు. అమ్మడానికి అడ్డులేని వస్తువును బిగిస్తే తప్పవుతుందేమోనన్న సందిగ్ధంలో కొనుగోలుదారును వదిలేయడం న్యాయం కాదు. ఏ ఫిల్టర్ ఏ బండికి సరిపోతుందో, బిగించడానికి అనుమతి ఉందో లేదో కూడా ఆ మూడు అంకెల పక్కనే రాయించాలి.

ఇది గురుగ్రామ్‌కే పరిమితమైన సమస్య కూడా కాదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారుల్లో, తాండూరు నాపరాయి గనుల చుట్టూ తిరిగే ప్రతి పికప్ కూడా అలాంటి గాలినే పీలుస్తోంది. అక్కడ చాలా కుటుంబాలకు పికప్ వారాంతపు సరదా కాదు, నెలవారీ వాయిదా కట్టాల్సిన జీవనాధారం. వాళ్ల ఇంజిన్ రెండేళ్లు ముందే అరిగిపోతుందా, పూర్తి కాలం నడుస్తుందా అన్నది కొన్ని వందల రూపాయల ఫిల్టర్ మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఫిల్టర్ ఎంత ఆపుతుందో, ఎంత పట్టుకుంటుందో, గాలికి ఎంత అడ్డు పడుతుందో తెలుసుకుని కొనే హక్కు వాళ్లకు ఉండాలి.